వరద రోజున టెండరా, నామినేషనా? మున్సిపాలిటీలు, పంచాయతీల అత్యవసర కొనుగోళ్లకు ఏ దారి ఎప్పుడు మేలు

వరద వచ్చిన రోజున మున్సిపల్ కమిషనర్‌కి రెండు రకాల టెన్షన్ ఉంటుంది. ఇవాళ ట్యాంకర్ పంపకపోతే జనం ఊరుకోరు. పంపిస్తే రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లొచ్చి "టెండర్ లేకుండా ఎలా పెట్టారు?" అని రాస్తారు. ఈ రెండో భయంతో కొందరు అధికారులు మొదటి రోజంతా పైవాళ్ల ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇంకొందరు దీనికి పూర్తిగా రివర్స్. వరద పేరు చెప్పి, వరదతో సంబంధం లేని డ్రెయిన్ పనులు కూడా తెలిసిన కాంట్రాక్టర్‌కి నామినేషన్ మీద, అంటే టెండర్ లేకుండా నేరుగా, ఇచ్చేస్తారు.

ఈ రెండింటి మధ్య చట్టం ఒప్పుకునే దారులు చాలానే ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలో తెలియకపోవడం వల్లే సగం తలనొప్పులు వస్తాయి. కమిషనర్లు, పంచాయతీ కార్యదర్శులు, ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), శానిటరీ ఇన్‌స్పెక్టర్ల కోసం ఆ దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. కౌన్సిల్లో ర్యాటిఫికేషన్‌కి, అంటే అయిపోయిన ఖర్చుకి ఆమోదం తెలపడానికి, చేతులెత్తే సభ్యులకూ, ఆర్టీఐ వేసే పౌరులకూ ఇది పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఎంత టైముంది?

చాలామంది మొదట అడిగేది "ఎంత మొత్తం వరకు నా పవర్స్‌లో ఉంది?" అని. అది రెండో ప్రశ్న. మొదట చూడాల్సింది టైము. ఎందుకంటే ఒకే వరదలో మూడు రకాల అవసరాలు కలగలిసి వస్తాయి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పటి సంగతి గుర్తు తెచ్చుకోండి. మొదటి రోజుల్లో కావలసినవి పడవలు, తాగునీళ్లు, భోజనం పొట్లాలు. పడవలు పోలేని చోటికి డ్రోన్లతో కూడా ఆహారం పంపారు. నీళ్లు తీశాక అవసరం మారిపోయింది. బురద ఎత్తడానికి మనుషులు కావాలి, బ్లీచింగ్ కావాలి, కడగడానికి నీళ్లు కావాలి. ఫైర్ ఇంజిన్లు తెచ్చి ఇళ్లూ వీధులూ కడిగారు. ఆ తర్వాత మిగిలినవి రోడ్లు, డ్రెయిన్లు, కాలువ గట్లు పటిష్ఠం చేసే పనులు.

మొదటి రకం గంటల్లో తీరాలి. రెండో రకానికి వారం పది రోజులు ఉంటాయి. మూడో రకానికి నెలలు పట్టినా ప్రాణం మీదకు రాదు. ఈ మూడింటికీ ఒకే పద్ధతి వాడితే ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది. ఆడిట్ అభ్యంతరాల్లో ఎక్కువగా కనిపించేది మూడో రకం పనిని మొదటి రకం పద్ధతిలో ఇవ్వడమే. నీళ్లు తగ్గి రెండు నెలలయ్యాక "అత్యవసరం" అని రాసి సీసీ రోడ్డు నామినేషన్ మీద ఇస్తే ఏ ఆడిటరైనా ఆగి చూస్తాడు.

సుప్రీంకోర్టు కూడా ఈ గీత గీసింది. మీరట్ నగర నిగమ్ కేసులో 2006లో ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వ సంస్థలు కాంట్రాక్టులు బహిరంగ వేలం లేదా టెండర్ ద్వారానే ఇవ్వాలని చెప్పింది. మినహాయింపులు అరుదుగా ఉండాలంటూ వాటిలో ప్రకృతి విపత్తులను, ప్రభుత్వం ప్రకటించిన అత్యవసర పరిస్థితులను చేర్చింది. సరఫరా చేసేవాడు ఒక్కడే ఉన్న సందర్భాన్నీ చెప్పింది. ఇది ఒక మున్సిపల్ కార్పొరేషన్ కేసు కాబట్టి, నామినేషన్ ఫైల్ నోట్‌లో మీరు ఏ మినహాయింపు కింద వెళ్తున్నారో ఒక్క వాక్యం రాసిపెట్టడం మంచిది.

కొనకుండా తెచ్చుకోగలరా?

అన్నిటికంటే చవకైన దారి ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే. పక్క మున్సిపాలిటీలో ఖాళీగా ఉన్న జెట్టింగ్ మెషిన్ (డ్రెయిన్లు శుభ్రం చేసేది), మార్కెట్ యార్డులోని టార్పాలిన్లు, పౌరసరఫరాల గోడౌన్‌లోని బియ్యం, ఫైర్ డిపార్ట్‌మెంట్ పంపులు. వీటికి కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నుంచి ఒక మెసేజ్ చాలు. తీసుకున్నట్టు, తిరిగి ఇచ్చినట్టు రాతలో ఉంటే సరిపోతుంది.

ప్రైవేటు వాళ్ల దగ్గరున్నవి కావాలంటే విపత్తు నిర్వహణ చట్టం 2005లో సెక్షన్ 65 ఉంది. జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ, లేదా అది అధికారం ఇచ్చిన అధికారి, వాహనాలనూ భవనాలనూ వస్తువులనూ తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చు. ఊరికే ఏమీ కాదు. సెక్షన్ 66 కింద ఆ ప్రాంతంలో నడిచే అద్దె ప్రకారం పరిహారం ఇవ్వాలి. ఆ మొత్తం నచ్చకపోతే యజమాని 30 రోజుల్లో మధ్యవర్తి కోసం అడగొచ్చు. పడవలు, లారీలు, ఫంక్షన్ హాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వరద రోజున రేటు రెండింతలు చెప్పే యజమానితో బేరమాడుతూ కూర్చునే బదులు ఈ నోటీసు ఇవ్వడం మేలు.

అయితే దీన్ని మొదటి అస్త్రంగా వాడటం నాకు నచ్చదు. ఊళ్లో జేసీబీ, పడవ ఉన్నవాళ్లు సాధారణంగా అడగ్గానే వస్తారు. అదే సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్ నగర్ వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని బయటకు తెచ్చింది ఒక జేసీబీ డ్రైవర్. అలాంటి వాళ్ల అద్దె బిల్లు ఏడాదిపాటు ఆపితే వచ్చే వానాకాలం ఫోన్ ఎత్తరు. నోటీసు ఇచ్చి బండి తెచ్చుకోవచ్చు గానీ, మనసు పెట్టి నడిపే మనిషిని తెచ్చుకోలేం.

సెక్షన్ 50: టెండర్ రద్దవుతుంది, లెక్క రద్దవదు

మొదటి 48 గంటలకు అసలైన దారి ఇది, అదే విపత్తు నిర్వహణ చట్టంలోని సెక్షన్ 50. విపత్తు వచ్చినప్పుడు గానీ, వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు గానీ, రక్షణకూ సహాయానికీ వెంటనే సరుకులు కావాలని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా అథారిటీకి అనిపిస్తే, సంబంధిత శాఖకు అత్యవసర కొనుగోలుకు అధికారం ఇవ్వొచ్చు. అప్పుడు టెండర్ పిలవాలన్న నిబంధన మాఫీ అయినట్టే. అంతేకాదు, ఆ సరుకు వాడినట్టు నియంత్రణ అధికారి ఇచ్చే ధ్రువపత్రాన్నే వోచర్‌గా లెక్కల్లో ఒప్పుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది.

ఇక్కడ మూడు చోట్ల పొరపాట్లు జరుగుతాయి.

ఒకటి, అధికారం ఇచ్చేది జిల్లా అథారిటీ, అంటే కలెక్టర్ అధ్యక్షుడిగా ఉన్న సంస్థ. మున్సిపల్ కమిషనర్ తనంతట తాను సెక్షన్ 50 కింద కొనలేడు. టెలికాన్ఫరెన్స్‌లో కలెక్టర్ గారు "కానివ్వండి" అంటే చాలదు. ఆ రాత్రే వాట్సాప్‌లోనైనా ఆర్డర్ కాపీ తెప్పించుకోవాలి, మర్నాడు సంతకంతో అసలుది రావాలి. వెనక తేదీ వేసి ఆర్డర్ పుట్టించడం కంటే "నోటి ఆదేశం ఫలానా సమయానికి అందింది, ధ్రువీకరణ కోసం పంపుతున్నాం" అని అప్పటికప్పుడు నోట్ రాసుకోవడం వంద రెట్లు నయం.

రెండు, సెక్షన్ చెప్పింది రక్షణ, సహాయం వరకే. కొట్టుకుపోయిన కల్వర్టు కొత్తగా కట్టడం అందులోకి రాదు. జనం దాటడానికి తాత్కాలికంగా ఇసుక బస్తాలు, తూములు వేయడం వస్తుంది.

మూడు, ధ్రువపత్రం వోచర్‌తో సమానం అన్నారు కదా అని స్టాక్ రిజిస్టర్ మానేయడం. రేటు సమంజసమేనా, సరుకు నిజంగా వచ్చిందా అన్న ప్రశ్నలు అలాగే ఉంటాయి. సహాయం కోసం ఇచ్చిన డబ్బు, సరుకు పక్కదారి పడితే సెక్షన్ 53 కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. విజయవాడ వరద తగ్గాక కొవ్వొత్తులు, అగ్గిపెట్టెల ఖర్చు మీద ఎంత రాజకీయ రచ్చ జరిగిందో చూశాం. ఎవరు చెప్పింది నిజమన్నది పక్కన పెడితే, ఇలాంటప్పుడు ఏ వార్డుకి ఎన్ని ప్యాకెట్లు, ఏ రోజు, ఎవరి సంతకంతో వెళ్లాయో ఒక్క కాగితం చూపించగలిగితే వాదన అక్కడే తేలిపోతుంది.

నామినేషన్

మన రెండు రాష్ట్రాల్లోనూ చిన్న పనులు నామినేషన్ మీద ఇవ్వడం పాత అలవాటు. దాని పరిమితులు జీవోలతో మారుతుంటాయి కాబట్టి, మీ శాఖ తాజా జీవో కాపీ ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి. పోయినేడాది పరిమితి గుర్తుపెట్టుకుని సంతకం చేసి ఇరుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నామినేషన్ రెండు సందర్భాల్లో న్యాయం. ఒకటి, ఆ వస్తువు ఒక్కడి దగ్గరే దొరుకుతుంది. పంపుహౌస్‌లో ఉన్న పాత కంపెనీ మోటార్‌కి దాని స్పేర్ పార్టే సరిపోతుంది, అది ఇచ్చేవాడు ఒక్కడే. రెండు, ఇద్దరినీ ముగ్గురినీ అడిగే టైము నిజంగా లేదు. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్‌ఆర్ 2017, రూల్ 166లో చెప్పిందీ ఇంచుమించు ఇదే: అత్యవసరంలో ఒకే చోట కొనాల్సి వస్తే కారణం రాసి, తగిన అధికారి ఆమోదం తీసుకోవాలి. ఈ నియమాలు నేరుగా మున్సిపాలిటీలకు వర్తించవు, మనకు రాష్ట్ర నియమాలు ఉన్నాయి. కానీ ఫైల్ రాసే పద్ధతికి ఇదొక మంచి కొలమానం.

ఏటా జూన్‌లో డ్రెయిన్ల పూడికతీత "అత్యంత అత్యవసరం" అయిపోవడం మాత్రం నాకు మింగుడు పడదు. జూన్‌లో వానలు పడతాయని ఫిబ్రవరిలో తెలియదా? ఆలస్యం చేసి తెచ్చుకున్న తొందరను అత్యవసరం అనలేం. విజిలెన్స్ వాళ్లు ముందు చూసేది కూడా ఇదే.

ఇంకో పాత జబ్బు ముక్కలు చేయడం. పన్నెండు లక్షల పనిని నాలుగేసి లక్షల చొప్పున మూడు పనులుగా విడగొట్టి వార్డు నంబర్లు మార్చి రాస్తారు. పరిమితి దాటకుండా ఉండటానికి కొనుగోలును విడగొట్టకూడదని జీఎఫ్‌ఆర్ రూల్ 157 సూటిగా చెబుతుంది. రాష్ట్ర ఆడిట్ కూడా ఒకే తేదీ, ఒకే కాంట్రాక్టర్, పక్కపక్క ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు చూసి ఇట్టే పట్టేస్తుంది.

మూడు కొటేషన్లు, లేదా ముగ్గురి కమిటీ

రెండు మూడు రోజుల టైము ఉంటే, మొత్తం మరీ పెద్దది కాకపోతే, నా ఓటు దీనికే. అయితే మూడు కొటేషన్లు తెచ్చే బాధ్యత సరఫరాదారుకే అప్పగించే అలవాటు ఒకటుంది. అతనే తన లెటర్‌హెడ్ ఒకటి, బావమరిది లెటర్‌హెడ్ ఒకటి, పక్క షాపుది ఒకటి తెచ్చిస్తాడు. ముగ్గురి అక్షరదోషాలూ ఒకేలా ఉంటాయి.

దానికంటే కమిటీ పద్ధతి బాగుంటుంది. జీఎఫ్‌ఆర్ రూల్ 155లో స్థానిక కొనుగోలు కమిటీ ఉంది. ముగ్గురు సభ్యులు బజారుకెళ్లి రేటూ నాణ్యతా చూసి, సరఫరాదారుని ఎంచుకుని, మేం స్వయంగా చూశాం, రేటు సమంజసం అని ఉమ్మడిగా సంతకం చేస్తారు. 2017లో దీని పరిమితి రెండున్నర లక్షలు, తర్వాత పెంచారు. మున్సిపాలిటీలో ఇలాంటి కమిటీకి ఒక ఇంజినీరు, ఒక అకౌంట్స్ మనిషి, ఒక పారిశుద్ధ్యం లేదా హెల్త్ మనిషి చాలు. ఉదయం వెళ్తే సాయంత్రానికి ఆర్డర్ ఇవ్వొచ్చు. షాపుల ముందు తీసిన ఫోటోలు, అడిగిన రేట్లు రాసుకున్న కాగితం ఫైల్లో పెడితే మూడు కొటేషన్ల కంటే ఎక్కువ బరువు ఉంటుంది.

జెమ్ పోర్టల్

జెమ్ అంటే ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో కొనుక్కునే పోర్టల్. ఇది 2016 ఆగస్టులో మొదలైంది. 2023 ఏప్రిల్ 24న దాన్ని పంచాయతీల లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌తో కలిపారు, కాబట్టి పంచాయతీలు కూడా అందులో కొనే ఏర్పాటు ఉంది. పారదర్శకత కావాలంటే మంచి దారి. చిన్న మొత్తాలకు నేరుగా కొనొచ్చు, ఆ పైన ధరలు పోల్చి తక్కువ దానికి వెళ్లాలి, ఇంకా పెద్దవాటికి బిడ్ పెట్టాలి.

వరద మొదటి రోజున మాత్రం జెమ్ పనికిరాదు. హైవే తెగిపోయినప్పుడు ఇంకో రాష్ట్రంలోని సరఫరాదారు టార్పాలిన్లు ఎలా పంపుతాడు? రెండో రకం అవసరాలకు, అంటే ఫాగింగ్ మెషిన్లు, స్ప్రేయర్లు, గ్లోవ్స్, గమ్‌బూట్లు, స్పేర్ పంపులకు బాగుంటుంది. ఇంకో ఉపయోగం చాలామంది గమనించరు. మీరు స్థానికంగా కొంటున్నా అదే వస్తువు జెమ్‌లో ఎంత ఉందో ఆరోజు స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టండి. మీ రేటు పది శాతం ఎక్కువైనా "వెంటనే ఇచ్చాడు, రవాణా కలిసింది" అని చెప్పుకోవచ్చు. రెండింతలు ఉంటే కొనకముందే మీకే తెలిసిపోతుంది.

షార్ట్ టెండర్

మూడో రకం పనులన్నీ ఇక్కడికి రావాలి. మామూలుగా జీఎఫ్‌ఆర్ ప్రకారం బహిరంగ టెండర్‌కి మూడు వారాలు ఇవ్వాలి. షార్ట్ టెండర్‌లో దాన్ని వారానికి కుదిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు, మొదలైంది కాబట్టి, మన దగ్గర ఇది యంత్రాంగానికి అలవాటైన పనే. కోతపడ్డ రోడ్డుకి ముందు గ్రావెల్ పోసి దారి ఇవ్వండి, అది అత్యవసరం. శాశ్వత పనికి వారం టెండర్ పిలవండి. ఈ రెండింటినీ ఒకే ఎస్టిమేట్‌లో కలపకుండా ఉంటే సగం ఆడిట్ అభ్యంతరాలు పుట్టవు.

అన్నిటికంటే మంచిది: వేసవిలోనే రేట్ కాంట్రాక్ట్

పైన చెప్పినవన్నీ ముందు ఏర్పాటు చేసుకోనివాళ్లకు. ఏర్పాటు చేసుకున్నవాళ్లకు వీటిలో సగం అక్కర్లేదు.

పద్ధతి చాలా సింపుల్. మార్చి, ఏప్రిల్ నెలల్లో మామూలు టెండర్ పిలుస్తారు. కొనేది ఏమీ ఉండదు, రేటు మాత్రమే ఖరారవుతుంది. జేసీబీ గంటకి ఎంత, ట్రాక్టర్ రోజుకి ఎంత, ఐదువేల లీటర్ల ట్యాంకర్ ట్రిప్పుకి ఎంత, భోజనం పొట్లం ఎంత, జనరేటర్ అద్దె ఎంత. అవసరం వస్తే ఆ రేటుకి పిలుస్తారు, రాకపోతే పైసా ఖర్చు లేదు. ఒక్కో దానికి ఒక్కడినే కాకుండా ఇద్దరు ముగ్గురిని వరసలో పెట్టుకోండి, ఎందుకంటే వరద రోజున మొదటివాడి షెడ్డే మునిగి ఉండొచ్చు. ఆ వరసలో ఒకడు వేరే మండలం వాడైతే ఇంకా మంచిది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు అందరికీ ఒకేసారి కావలసి వచ్చినవి చెట్లు కోసే రంపాలు, క్రేన్లు, జనరేటర్లు. పాలు, నీళ్ల బాటిళ్ల రేట్లు ఎలా ఎగబాకాయో విశాఖవాసులు ఇప్పటికీ చెబుతారు. అందరూ ఒకేసారి కొంటున్న రోజున బేరమాడే శక్తి ఎవరికీ ఉండదు. ఏప్రిల్‌లో ఉంటుంది.

రేట్ కాంట్రాక్ట్‌లో రెండు షరతులు తప్పకుండా రాయండి. ఒకటి, పిలిచిన ఎన్ని గంటల్లో రావాలి, రాకపోతే ఏమిటి. రెండోది ధర తగ్గింపు షరతు. దీని విలువ కోవిడ్ అప్పుడు తెలిసింది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ర్యాపిడ్ టెస్ట్ కిట్లు ఒక్కోటి 730 రూపాయలకు కొంది. తర్వాత ఛత్తీస్‌గఢ్‌కి అవే 337కి దొరికాయని తేలి పెద్ద గొడవైంది. కొనుగోలు ఆర్డర్‌లో "దేశంలో ఎవరికైనా ఇంతకంటే తక్కువకి ఇస్తే మాకూ అదే రేటు" అన్న షరతు ఉండటంతో ప్రభుత్వం ధర తగ్గించుకుంది. అది రాష్ట్రస్థాయి కొనుగోలే, కానీ ఆ ఒక్క వాక్యం ఏ మున్సిపాలిటీ ఆర్డర్‌లోనైనా రాసుకోవచ్చు.

దీని బలహీనత ఒక్కటే, పాత బకాయిలు. ప్రభుత్వ బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థలను (ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్) దాటి బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియకపోతే మంచివాళ్లు టెండర్‌కే రారు. వచ్చినవాడు ఆ ఆలస్యానికి తనకు పడే వడ్డీ కూడా రేటులో కలుపుకుంటాడు. అందుకే అత్యవసర బిల్లులకు సాధారణ నిధుల్లో కొంత మొత్తం ముందే విడిగా పెట్టుకునే మున్సిపాలిటీకి తక్కువ రేట్లు వస్తాయి.

పంచాయతీకి మాత్రం

పంచాయతీలో అత్యవసరం అంటే సాధారణంగా తుఫాను ఉండదు. మే నెలలో బోరు మోటార్ కాలిపోవడం, పైప్‌లైన్ పగలడం, జ్వరాలు రాగానే బ్లీచింగ్ అయిపోవడం. వీటికి సెక్షన్ 50 అక్కర్లేదు. మండలంలోని రీవైండింగ్ షాపుతో హార్స్‌పవర్ వారీగా ఏడాది రేటు మాట్లాడి తీర్మానం చేసుకోండి. ఒక స్పేర్ మోటార్ కొని పెట్టుకోవడం ఇంకా మంచిది. వేసవి మొత్తం ట్యాంకర్లకి పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చవక. తెలంగాణలో చెక్ పవర్ సర్పంచ్, ఉప సర్పంచ్‌లకు ఉమ్మడిగా ఉంటుంది. ఇద్దరికీ పడకపోతే కాలిన మోటార్ కూడా రాజకీయం అయిపోతుంది కాబట్టి, తీర్మానం వేసవికి ముందే అయిపోవాలి.

ఏ వస్తువుకి ఏ దారి

తాగునీటి ట్యాంకర్లు, జేసీబీలు, ట్రాక్టర్లకి రేట్ కాంట్రాక్ట్. అది లేకపోతే కలెక్టర్ నిర్ణయించిన రేటుకి సెక్షన్ 50. ట్యాంకర్‌కి ట్రిప్ షీట్ ఉండాలి, దాని మీద నీళ్లు దించిన వీధిలో ఒకరి సంతకం. జేసీబీకి మొదలుపెట్టినప్పుడు, ఆపినప్పుడు అవర్ మీటర్ ఫోటో. లాగ్ బుక్ మర్నాడు రాసుకుందాం అనుకుంటే అది ఎప్పటికీ రాయరు.

భోజనం పొట్లాలకి హోటళ్ల కంటే మహిళా సంఘాలు, హాస్టల్ వంటశాలలు, ఆలయాల అన్నదాన కేంద్రాలు నమ్మకం. వీటి వంటవాళ్లకు వందల మందికి వండటం అలవాటు. దాతలు ఇచ్చినవి, మున్సిపాలిటీ కొన్నవి వేర్వేరు రిజిస్టర్లలో ఎక్కించండి. ఈ రెండూ కలిసిపోతేనే "ఉచితంగా వచ్చినదానికి బిల్లు పెట్టారు" అన్న ఆరోపణ వస్తుంది, దాన్ని కాదని నిరూపించడం చాలా కష్టం.

బ్లీచింగ్ పౌడర్ నామినేషన్ మీద ఎప్పుడూ కొనకండి. మోసం అత్యంత తేలికైన సరుకు ఇది. సున్నం కలిపినా చూపుకి తెలియదు. తాజా సరుకులో క్లోరిన్ 30 శాతం పైన ఉండాలి, తెరిచిన బస్తాలో అది రోజురోజుకీ తగ్గుతుంది. కాబట్టి ముందే కొని ఏడాదంతా నిల్వ చేయడమూ కుదరదు. రేట్ కాంట్రాక్ట్ పెట్టుకుని నెలనెలా తెప్పించడం, ప్రతి లోడ్ నుంచీ శాంపిల్ నీటి పరీక్షల ల్యాబ్‌కి పంపడం, రిపోర్ట్ వచ్చాకే బిల్లు. తప్పనిసరై అప్పటికప్పుడు కొంటే కనీసం శాంపిల్ సీల్ చేసి దాచండి.

టార్పాలిన్లకి సైజు మాత్రమే రాసి మందం రాయని ఆర్డర్ల వల్ల పలచటి పట్టాలు వస్తాయి. మోటార్లు, పంపులకి హార్స్‌పవర్‌తో పాటు హెడ్ (నీళ్లు ఎంత ఎత్తుకి ఎక్కాలో) కూడా రాయాలి. ఇవి రెండూ ముగ్గురి కమిటీతో కొనాల్సినవి. పడవలు కొనొద్దు, అద్దెకి తీసుకోండి లేదా సెక్షన్ 65 వాడండి. మూడేళ్లకోసారి వాడే పడవ మున్సిపల్ షెడ్డులో కుళ్లిపోతుంది.

డబ్బు ఏ పద్దు నుంచి

పద్ధతి సరిగ్గా ఉండి పద్దు తప్పైనా అభ్యంతరం వస్తుంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి, అంటే ఎస్‌డీఆర్‌ఎఫ్, కేంద్రం ప్రకటించిన అంశాలకూ రేట్లకూ లోబడి ఉంటుంది. మన రాష్ట్రాలకు అందులో కేంద్రం వాటా 75 శాతం. ఆ జాబితాలో లేనిది కొంటే భారం మీ సాధారణ నిధుల మీదే పడుతుంది. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో పంచాయతీలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసినవి. అలా కట్టేసిన నిధులతో భోజనం పొట్లాలు కొనడం కుదరదు.

జిల్లా స్థాయిలో వెంటనే నగదు కావాలంటే ట్రెజరీ నియమాల్లోని టీఆర్-27 ఉంది. మామూలు లాంఛనాలు లేకుండా చెల్లించమని కలెక్టర్ ట్రెజరీ అధికారిని రాతపూర్వకంగా ఆదేశించవచ్చు, ఆ పరిస్థితులను అకౌంటెంట్ జనరల్‌కి తెలియజేయాలి. అడ్వాన్స్‌గా ఏసీ బిల్లు మీద తీసిన డబ్బుకి తర్వాత ఖర్చు వివరాలు, వోచర్లతో డీసీ బిల్లు పెట్టాలి. ఏళ్ల తరబడి డీసీ బిల్లులు పెట్టలేదని కాగ్ రాసే రాతలు కొత్తేమీ కాదు. బదిలీ అయి వెళ్లే ముందు డీసీ బిల్లు పెట్టి వెళ్లండి. మీ తర్వాత వచ్చినవాళ్లకు ఆ ట్యాంకర్ ఎక్కడికెళ్లిందో ఎలా తెలుస్తుంది?

కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు

చైర్‌పర్సన్ ముందస్తు మంజూరుతో ఖర్చు చేసి తర్వాత కౌన్సిల్లో ర్యాటిఫై చేయించడం మామూలే. చాలా చోట్ల ఇది టేబుల్ ఎజెండాగా (ముందుగా పంపకుండా మీటింగ్‌లోనే పెట్టేదిగా), మీటింగ్ చివర్లో, అందరూ లేచే వేళకి వస్తుంది. సభ్యులు అప్పుడు అడగాల్సినవి ఎక్కువ లేవు. కలెక్టర్ ఆర్డర్ తేదీ ముందా, కొనుగోలు తేదీ ముందా? మా వార్డుకి వచ్చిన ట్రిప్పుల జాబితా ఏది? మిగిలిన సరుకు ఎంత, ఇప్పుడు ఎక్కడుంది? అత్యవసర ఆర్డర్ ఏ రోజుతో ఆగిపోయింది? చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే మొదలుపెట్టిన ఆర్డర్‌లో ముగింపు తేదీ రాయరు. అందుకే ఆర్డర్‌లోనే "పది రోజులు, లేదా సహాయ కేంద్రాలు మూసే వరకు, ఏది ముందైతే అది" అని రాయించండి. ఆ తేదీ తర్వాత కావలసిన ప్రతిదీ కొటేషన్‌కో, జెమ్‌కో, షార్ట్ టెండర్‌కో వెళ్తుంది.